హైవే మీద భోజనం బోర్డులు చదివి సరైన చోట ఆగడం ఎలా? గోదావరి డెల్టా ప్రయాణాలకు సమగ్ర మార్గదర్శి

"ఫోర్కూ కత్తీ బొమ్మ చూసి రెండు కిలోమీటర్లు వెళ్లాం, హోటల్ కనబడలేదు." "హోటల్ కనబడింది కానీ డివైడర్‌కి అవతలి పక్క ఉంది." "భోజనం అని బోర్డు ఉంది, తీరా దిగితే బిర్యానీ ఒక్కటే ఉందన్నారు." ఏలూరు నుంచి రాజమండ్రి, భీమవరం, అమలాపురం వైపు సొంత కార్లలో వెళ్లేవాళ్లు మళ్లీ మళ్లీ చెప్పేవి ఇవే.

మూడు ఇబ్బందులకీ మూలం ఒకటే. రోడ్డు పక్కన ప్రభుత్వం పెట్టిన బోర్డు చెప్పేది చాలా తక్కువ: తినే చోటు ఉంది, ఇంత దూరంలో ఉంది, ఇటువైపు ఉంది. అది తెరిచి ఉందో లేదో, అక్కడ ఏం దొరుకుతుందో, కారు అక్కడికి ఎలా తిప్పాలో చెప్పదు. ఆ మిగతా సంగతులు వేరే ఆనవాళ్ల నుంచి రాబట్టుకోవాలి. అవి ఏమిటో, ఏ వరసలో చూసుకోవాలో కింద ఉంది.

## 1. బయల్దేరే ముందే దారి తేల్చుకోండి

విజయవాడ వైపు నుంచి వస్తుంటే, ఏలూరు దాటాక గుండుగొలను దగ్గరే మీ భోజనం సంగతి సగం తేలిపోతుంది. అక్కడ రెండు దారులు చీలతాయి.

ఎన్‌హెచ్-16 ఇప్పుడు దేవరపల్లి మీదుగా కొవ్వూరు వెళ్లి, గోదావరి దాటి, రాజమండ్రి పక్కనున్న దివాన్‌చెరువు దగ్గర తేలుతుంది. వేగంగా వెళ్లొచ్చు. కానీ అది ఊళ్లను తప్పించుకుంటూ ఎక్కువగా మెట్ట మీదుగా పోయే రోడ్డు. ఒక హోటల్ తప్పిపోతే ఇంకోటి వెంటనే వస్తుందన్న భరోసా పెట్టుకోకండి.

పాత హైవే తాడేపల్లిగూడెం, తణుకు, సిద్ధాంతం, రావులపాలెం మీదుగా డెల్టా నడిబొడ్డులోంచి వెళ్తుంది. దాని నంబరు ఇప్పుడు 216ఎ. ఊరికో సెంటరు, సెంటరుకి నాలుగు హోటళ్లు. ట్రాఫిక్ ఉంటుంది, తిండికి మాత్రం లోటుండదు. పిల్లలూ పెద్దవాళ్లూ ఉన్న కారయితే నేను ఈ దారికే ఓటేస్తాను.

మూడోది సముద్రం వైపు దారి, ఎన్‌హెచ్-216. కత్తిపూడి నుంచి కాకినాడ, యానాం, ముమ్మిడివరం, అమలాపురం, రాజోలు, దిండి, నరసాపురం మీదుగా మచిలీపట్నం వైపు పోతుంది. ఇందులో చాలాభాగం డివైడర్ లేని రోడ్డు కాబట్టి, బోర్డులు చదివే పద్ధతి కూడా మారుతుంది. ఆ సంగతి నాలుగో మెట్టులో చూద్దాం.

దారి తేలాక గడియారం చూసుకోండి. డెల్టా హోటళ్లలో మధ్యాహ్నం భోజనం పన్నెండు నుంచి మూడు దాకా. మూడు దాటితే "అయిపోయాయండి" అన్న మాటే వినబడుతుంది. నాలుగు నుంచి బజ్జీలు, పునుగులు, టీ. మళ్లీ ఏడు తర్వాతే టిఫిన్లు, బిర్యానీలు. బోర్డు మీద ఈ వేళలు ఎవరూ రాయరు.

బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి:

- ఏ రోడ్డు మీద వెళ్తున్నాం, ఎక్కడ చీలాలి
- మధ్యాహ్నం ఒంటి గంటకి సుమారుగా ఏ ఊరి దగ్గర ఉంటాం
- అందరికీ శాకాహారమేనా, ఎవరైనా మాంసం తింటారా
- బోర్డులు చూసే బాధ్యత ఎవరిది (డ్రైవర్‌ది కాదు, పక్క సీట్లో ఉన్నవాళ్లది)
- వాంతుల సమస్య ఉన్నవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు ఉంటే బిస్కెట్లు, పళ్లు అందేచోట ఉన్నాయా

చివరిది చిన్నదిగా కనిపిస్తుంది కానీ, షుగర్ ఉన్న మనిషిని "ఇంకో పది నిమిషాలే" అంటూ ఆకలితో కూర్చోబెట్టడం కన్నా పెద్ద తప్పు ఈ ప్రయాణంలో ఇంకోటి లేదు.

## 2. ముందు ఆకారం, రంగు. ఆ తర్వాతే బొమ్మ

మన దేశంలో రోడ్డు గుర్తులు మూడు రకాలు. గుండ్రంగా ఉండేవి ఆజ్ఞలు. ఎర్ర అంచు త్రికోణాలు హెచ్చరికలు. నీలం పలకలు సమాచారం. తిండి గుర్తులు ఈ మూడో రకం.

నీలం పలక మధ్యలో తెల్ల చదరం, ఆ చదరంలో నల్ల బొమ్మ. దూరం నుంచి పట్టుకోవాల్సింది ఈ అమరికని. బొమ్మ దగ్గరికొచ్చాక తెలుస్తుంది.

- ఫోర్కు, కత్తి: పూర్తి భోజనం దొరికే చోటు.
- కప్పు: టీ, కాఫీ, చిరుతిళ్లు. ఇక్కడ అన్నం దొరుకుతుందని ఆశించొద్దు.
- పెట్రోల్ పంపు బొమ్మ: బంకు. తిండి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. మంచినీళ్లు, టాయిలెట్ మాత్రం అడగొచ్చు.
- ఎర్ర ప్లస్ గుర్తు: వైద్యానికి సంబంధించింది. ఇది తిండి కోసం కాదు కానీ, చూసి గుర్తుపెట్టుకుంటే మంచిదే.

ఇక్కడ జనం పొరబడేవి రెండున్నాయి.

ఒకటి, నీలం గుండ్రం. గుండ్రని నీలం పలక మీద తెల్ల బాణం ఉంటే అది "ఇటే తిరగాలి" అన్న ఆజ్ఞ. దానికీ హోటల్‌కీ సంబంధం లేదు. నీలం బోర్డు నాలుగు మూలలతో ఉంటే సమాచారం, గుండ్రంగా ఉంటే ఆజ్ఞ.

రెండు, ట్రక్ లే బై. లారీలు ఆగడానికి రోడ్డు పక్కన వదిలిన జాగా అది. బోర్డు చూసి అక్కడేదో హోటల్ ఉంటుందనుకుని దిగేవాళ్లున్నారు. పక్కన టీ బడ్డీ ఉంటే అది మీ అదృష్టం.

హైవే మీద ఊళ్ల పేర్లు, దూరాలు చూపే ఆకుపచ్చ బోర్డులు వేరే. వాటి మీద తిండి సంగతి ఉండదు కానీ, నీలం బోర్డుకి తోడు అవే. "తణుకు 6" అని ఆకుపచ్చ బోర్డు చూసిన కాసేపటికి "2 కి.మీ." అని నీలం బోర్డు వచ్చిందంటే, హోటల్ ఊళ్లో కాదు, ఊరి బయటే అని తెలిసిపోతుంది.

మైలురాళ్ల తలలు కూడా పనికొస్తాయి. పసుపు తల జాతీయ రహదారి, ఆకుపచ్చ తల రాష్ట్ర రహదారి, నారింజ తల పల్లె రోడ్డు. హోటల్ వెతుక్కుంటూ తిరిగి తిరిగి నారింజ రాయి దగ్గర తేలారంటే హైవే వదిలేసి లోపలికి వచ్చేశారని అర్థం.

## 3. దూరాన్ని సెకన్లలోకి మార్చుకోండి

బోర్డు కింద చిన్న పలక మీద దూరమో, బాణమో, రెండూనో ఉంటాయి. "500 మీ." అని చదవగానే చాలా టైముందనిపిస్తుంది. లేదు.

- గంటకి 60 కి.మీ. వేగంలో 500 మీటర్లు అంటే 30 సెకన్లు
- 80లో 22 సెకన్లు
- 100లో 18 సెకన్లే

ఈ లోపు బోర్డు చదవాలి, "ఇక్కడ ఆగుదామా?" అని వెనక సీటుని అడగాలి, ఇద్దరు అవునని ఇద్దరు కాదనాలి, అద్దంలో చూసుకోవాలి, ఇండికేటర్ వేయాలి, ఎడమ లేన్‌లోకి రావాలి, వేగం తగ్గించాలి. ఇరవై రెండు సెకన్లలో కుటుంబంలో ఏకాభిప్రాయం కుదరడం నేనెక్కడా చూడలేదు.

అందుకే నిర్ణయం బోర్డు కనబడ్డాక తీసుకునేది కాదు. "తణుకు దాటాక మొదట కనబడ్డ మంచి చోట ఆగుతాం" అని ముందే అనేసుకోండి. అప్పుడు బోర్డు కనిపించగానే చర్చ ఉండదు, చేతులకే పని.

వరస ఇలా ఉండాలి:

1. పక్క సీటు మనిషి బోర్డు పైకి చదవాలి: బొమ్మ, దూరం, బాణం.
2. డ్రైవర్ అద్దాలు చూసుకుని ఎడమ ఇండికేటర్ వేయాలి.
3. కుడి లేన్‌లో ఉంటే ముందు ఎడమ లేన్‌లోకి రావాలి. లేన్ మారడం, బ్రేక్ వేయడం ఒకేసారి చేయొద్దు.
4. ఆ తర్వాతే వేగం తగ్గించాలి.
5. దారి కనబడకపోతే ముందుకే పోవాలి.

బాణం నిటారుగా పైకి ఉంటే ఇదే రోడ్డులో నేరుగా. పక్కకి తిరిగి ఉంటే ఆ పక్కకి తిరగాలి. దూరమూ బాణమూ రెండూ ఉంటే ఆ దూరం వెళ్లాక తిరగాలి, ఇప్పుడే కాదు. కంగారులో అక్కడికక్కడే ఎడమకి కోసేసి ఎవరి ఇంటి ముందో, రైస్ మిల్లు గేటు దగ్గరో ఆగిన కార్లు ఈ రోడ్ల మీద మామూలే.

## 4. ఎడమ పక్కా, కుడి పక్కా? అసలు చిక్కు ఇక్కడే

డివైడర్ ఉన్న హైవే మీద నియమం ఒక్కటే పెట్టుకోండి: మన ఎడమ చేతి పక్క ఉన్న హోటల్‌కే వెళ్లాలి. కుడి పక్క హోటల్ ఎంత బాగా కనబడ్డా అది ఎదురు దిక్కున వచ్చేవాళ్లది.

కుడి పక్క హోటల్‌కి వెళ్లాలంటే ముందు యూటర్న్, తిన్నాక వెనక్కి నడిపి మళ్లీ యూటర్న్. ఆకలి మీద ఉన్నప్పుడు ఈ లెక్క గుర్తుకు రాదు. దగ్గరి దారి కోసం డివైడర్ సందులోంచి దూరి రాంగ్ రూట్‌లో వంద మీటర్లు పోయేవాళ్లు కనబడుతూనే ఉంటారు. ఎదురు దిక్కులో వాహనం నడపడాన్ని మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ 2019 సవరణ తర్వాత ప్రమాదకరమైన డ్రైవింగ్ కిందే లెక్కేస్తుంది. మొదటిసారికే వెయ్యి నుంచి అయిదు వేల దాకా జరిమానా, ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ. నడుపుతూ చేత్తో ఫోన్ పట్టుకుని హోటల్ వెతకడం కూడా ఇదే సెక్షన్‌లోకి వస్తుంది.

రెండో చిక్కు సర్వీస్ రోడ్డు. ఊరు దగ్గరికి రాగానే హైవే ఫ్లైఓవర్ ఎక్కుతుంది, హోటళ్లన్నీ కింద సర్వీస్ రోడ్డు మీద ఉండిపోతాయి. పైన వెళ్తుంటే బోర్డుల వెనక భాగాలు, హోటల్ డాబా మీద వాటర్ ట్యాంకు కనబడతాయి, దిగే దారి కనబడదు. కాబట్టి ఊళ్లో తినాలనుకుంటే ఫ్లైఓవర్ మొదలవకముందే ఎడమకి సర్వీస్ రోడ్డులోకి దిగాలి. ఆకుపచ్చ బోర్డు మీద ఊరి పేరుకి ఎడమ బాణం ఉంటే అదే మీ దారి.

సర్వీస్ రోడ్డులోకి దిగాక వేగం బాగా తగ్గించండి. అక్కడ సైకిళ్లు, గేదెలు, ఎదురొచ్చే స్కూటర్లు అన్నీ ఉంటాయి. తిన్నాక మళ్లీ హైవే ఎక్కేది మీరు దిగిన చోట కాదు, ముందుకెళ్లాక వచ్చే సందులో. దిగిన చోటికే వెనక్కి రావడం రాంగ్ రూటే.

మూడోది వంతెనలు. పాత హైవే మీద సిద్ధాంతం దగ్గర వశిష్ఠ, రావులపాలెం దాటాక జొన్నాడ దగ్గర గౌతమి దాటాలి. వంతెన ముందు కనబడ్డ హోటల్‌ని "అవతల ఇంకా మంచిది ఉంటుందిలే" అని వదిలేస్తే వదిలేసినట్టే. వంతెన మీద ఆగకూడదు, తిరగలేరు. గోదావరిని ఫోటో తీయడానికి కూడా ఆగొద్దు.

ఎన్‌హెచ్-216 మీద డివైడర్ లేని చోట్ల కుడి పక్క హోటల్‌కి కూడా తిరగొచ్చు. అది సుఖమే కానీ ప్రమాదం వేరే రకం. కుడి ఇండికేటర్ వేసి రోడ్డు మధ్య గీత దగ్గర ఆగి ఉంటే, వెనక వచ్చే వ్యాను ఎడమ నుంచి దాటబోతుంది, ఎదురుగా చేపల లారీ వస్తుంటుంది. వెనక బండ్లు దగ్గరగా ఉన్నాయనిపిస్తే ముందు ఎడమ పక్కకి పూర్తిగా దిగి ఆగండి. రోడ్డు రెండు వైపులా ఖాళీ అయ్యాకే దాటండి.

## 5. ప్రైవేటు బోర్డులు: ఏం రాసుంటే ఏం దొరుకుతుంది

నీలం బోర్డు దారి చూపి తప్పుకుంటుంది. ఏం తింటారన్నది హోటల్‌వాళ్లు పెట్టుకున్న బోర్డే చెప్పాలి. ఇక్కడ అచ్చు రంగులకి మోసపోకుండా మాటలు చదవాలి.

టిఫిన్స్. ఉదయం, సాయంత్రం. మధ్యాహ్నం ఒంటి గంటకి ఇక్కడ ఆగితే చల్లారిన ఇడ్లీ దొరికితే దొరకొచ్చు.

మీల్స్, భోజనం హోటల్, మెస్. అన్నం, పప్పు, కూర, పచ్చడి, సాంబారు, పెరుగు. మెస్ అయితే వేళ కచ్చితం. బయట "మీల్స్ రెడీ" అని చిన్న రేకు బోర్డు నిలబెట్టారంటే వడ్డన నడుస్తున్నట్టు. పెద్ద బోర్డు ఎప్పుడూ ఉంటుంది, ఈ రేకు బోర్డు అన్నం ఉన్నంతసేపే ఉంటుంది. నా దృష్టిలో రోడ్డు మీద ఉన్న అన్ని బోర్డుల్లోకీ నిజాయితీ గలది ఇదే.

కర్రీ పాయింట్. పార్సిల్ కూరలు. కూర్చోడానికి బల్లలుండవు. ఇంటికి దగ్గర్లో ఉన్నవాళ్లకి, లేదా కారులో అన్నం తెచ్చుకున్నవాళ్లకి.

మిలిటరీ హోటల్. మాంసాహారం. శాకాహారులు ఆగక్కర్లేదు.

దాబా. రొట్టెలు, కూరలు, ఫ్రైలు. చాలా దాబాలు సాయంత్రం నుంచి పుంజుకుంటాయి. పగలు తలుపు తీసి ఉన్నా పొయ్యి వెలిగి ఉండకపోవచ్చు.

ఫ్యామిలీ రెస్టారెంట్. పై వరసలో చిన్న అక్షరాల్లో "బార్ అండ్" అని ఉందేమో చూడండి. ఉంటే పిల్లలతో ఆగాలా వద్దా అన్నది మీ ఇష్టం. యానాం చుట్టుపక్కల మందు బోర్డులు మరీ ఎక్కువ. ఊరు పుదుచ్చేరి కిందికి వస్తుంది కాబట్టి ఆ సంత వేరు. స్టీరింగ్ పట్టుకున్నవాళ్లకి ఆ బోర్డులతో పనిలేదు.

పలావ్, బిర్యానీ సెంటర్. పేరులో ఉన్నదే ఉంటుంది. "భోజనం కూడా ఉంది" అన్న చిన్న అక్షరాల మీద ఆధారపడకండి, దిగేముందు అద్దం దించి ఒక్క మాట అడగండి. భీమవరం చుట్టుపక్కల "రాజు గారి" అన్న మాట లేని పలావ్ బోర్డు వెతకడం కొంచెం కష్టం. అది వంటకి హామీ కాదు, అలవాటు.

పులస. గోదావరికి వరద నీళ్లు వచ్చే రోజుల్లో, అంటే సుమారుగా జూలై నుంచి సెప్టెంబరు దాకా, సముద్రం నుంచి ఏటికి ఎదురీదే చేప ఇది. మిగతా నెలల్లో "పులస పులుసు రెడీ" అన్న ఫ్లెక్సీ కనబడితే అది ఫ్రిజ్‌లో దాచినదైనా కావాలి, వేరే చోట నుంచి తెచ్చిన ఇలస చేపైనా కావాలి. సీజన్‌లో కూడా ఒక్కో చేప వేల రూపాయలు పలుకుతుంది. ప్లేటు మామూలు చేపల పులుసు ధరకి ఇస్తామంటే అక్కడే అర్థం చేసుకోండి.

పూతరేకులు, కాజాలు. రావులపాలెం చుట్టుపక్కల పూతరేకుల బోర్డులు వరసగా వస్తాయి. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అప్పటినుంచి ప్రతి దుకాణం మీదా ఆ ఊరి పేరే. మండపేట వైపు తాపేశ్వరం కాజా, కాకినాడ వైపు గొట్టం కాజా. ఇవి భోజనం కాదు, ఇంటికి తీసుకెళ్లే సరుకు. ఈ బోర్డుల దగ్గర జరిగే తప్పు సడన్ బ్రేక్. "అదిగో పూతరేకులు!" అని వెనక సీటు అరవగానే కాలు బ్రేక్ మీద పడుతుంది. కంగారు లేదు, ఆ దుకాణం పోతే ముందు ఇంకోటి ఉంటుంది.

## 6. కారు దిగాక, ఆర్డర్ ఇచ్చేముందు

- కౌంటర్ దగ్గర ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు కనబడేలా ఉందా? 14 అంకెలుండాలి. మొదటి అంకె 1 అయితే లైసెన్సు, 2 అయితే చిన్న వ్యాపారానికి ఇచ్చే రిజిస్ట్రేషన్.
- చేతులు కడిగే చోట నీళ్లు, సబ్బు ఉన్నాయా?
- అన్నం గిన్నె, కూరల గిన్నెల మీద మూతలున్నాయా?
- పక్క బల్ల మీద ఉన్న కూర ఆవిరి కక్కుతోందా, చల్లారి నూనె తేలిందా?
- కారు పెట్టిన చోటు రోడ్డు అంచు దాటి పూర్తిగా పక్కకే ఉందా?

ఇది రెండు నిమిషాల పని. నచ్చకపోతే టీ తాగి బయటికి రావచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

లారీలు ఎక్కువ ఆగిన చోట తిండి బాగుంటుందని అందరూ అంటారు. సగమే నిజం. లారీ డ్రైవర్లు బండి పెట్టుకునే జాగా, స్నానానికి నీళ్లు, కునుకు తీయడానికి మంచం ఉన్నాయా అని కూడా చూసుకుంటారు. లారీలు నిండుగా ఉంటే వంట ఎప్పటికప్పుడు ఖర్చవుతోందని మాత్రం నమ్మొచ్చు. కారంలో మీ నాలుక, వాళ్ల నాలుక ఒకటి కాకపోవచ్చు.

దూరప్రాంత బస్సులు ఆగే హోటల్ సంగతి ఇంకా వేరు. ఆ బస్సు అక్కడ ఆగేది చాలాసార్లు ఏర్పాటు ప్రకారం. రెండు బస్సులు ఒకేసారి దించితే మీ దోసె అరగంట తర్వాతే.

టాయిలెట్ ఒక్కటే కావాలంటే హోటల్ వెతకక్కర్లేదు. పెట్రోల్ బంకుల్లో టాయిలెట్, మంచినీళ్లు, టైర్లకి గాలి ఉచితంగా ఇవ్వాలి. తాళం వేసి ఉంటే తాళంచెవి అడగండి.

## 7. దాటిపోతే ఏం చేయాలి

ముందుకు పోండి. అంతే.

హైవే మీద రివర్స్ గేర్ వేయొద్దు, హజార్డ్ లైట్లు వేసుకుని వెనక్కి జరగడం కూడా రివర్సే. తర్వాతి యూటర్న్ దగ్గర తిరిగి రావాలా, ముందుకెళ్లి ఇంకో హోటల్ చూడాలా అన్నది పక్క సీటు మనిషి ఫోన్‌లో మ్యాప్ తెరిచి, దారి వెంట హోటళ్లు చూసి చెప్పాలి. మ్యాప్‌లో "తెరిచి ఉంది" అని ఉన్నా ఫోన్ నంబరు ఉంటే కాల్ చేసి "భోజనం ఉందా అండీ?" అని అడిగేయండి. చిన్న హోటళ్ల వేళలు మ్యాప్‌లో తరచూ తప్పుగానే ఉంటాయి.

## 8. బోర్డులు పనిచేయని రోజులు

రాత్రి. ప్రభుత్వ బోర్డులు హెడ్‌లైట్ వెలుగు పడితే మెరుస్తాయి, వాటంతటవి వెలగవు. ఎల్ఈడీ వెలుగులన్నీ ప్రైవేటు హోటళ్లవే. కాబట్టి రాత్రిపూట కంటిని లాగే బోర్డే మంచి చోటు అనుకోవద్దు.

మంచు. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున చేల మీద నుంచి మంచు రోడ్డు మీదికి కమ్ముతుంది. బోర్డు కనబడేసరికి బోర్డు కింద ఉంటారు. ఆ వేళ బోర్డుల మీద ఆధారపడకుండా ముందే అనుకున్న ఊళ్లో దిగిపోవడం మేలు.

ధాన్యం రోజులు. కోతలయ్యాక సర్వీస్ రోడ్లలో ఒక పక్కంతా వడ్లు ఆరబోస్తారు. చుట్టూ రాళ్లు పేర్చి ఉంటాయి. హోటల్ ముందు జాగా అనుకుని వడ్ల మీదికి టైరు ఎక్కించకండి. అది ఒక రైతు ఏడాది కష్టం, పైగా గొడవ పెట్టుకుని భోజనం చేయలేరు. రాత్రిపూట ఆ రాళ్లు కనబడవు, వేగం తగ్గించండి.

సంక్రాంతి. హైదరాబాద్ కార్లన్నీ ఒకేసారి డెల్టాలోకి దిగే మూడు నాలుగు రోజులు. హైవే పక్క ప్రతి హోటల్‌లోనూ బల్ల కోసం నిలబడాలి. పులిహోరో, పెరుగన్నమో కట్టుకెళ్లండి.

శనివారాలు. వాడపల్లి వెంకన్న దగ్గర ఏడు శనివారాల మొక్కు తీర్చుకునే జనంతో రావులపాలెం, ఆత్రేయపురం వైపు రోడ్లు కిక్కిరిసి ఉంటాయి. ఆ రోజు తణుకు దగ్గరే తినేసి రావడం తెలివైన పని.

ఫ్లెక్సీలు. నాయకుడి పుట్టినరోజు శుభాకాంక్షలు నీలం బోర్డుని నిండా కప్పేసిన చోట్లు ఉంటాయి. ఫోర్కూ కత్తీ స్థానంలో నమస్కారం పెడుతున్న ముఖం కనబడితే ఆకలి తీరదు, ముందుకెళ్లి ఆకుపచ్చ బోర్డు చూసుకోండి.

## 9. హైవే దిగి కాలవ గట్టు ఎక్కితే

డెల్టా లోపల ఈ నీలం బోర్డులు దాదాపు ఉండవు. గోడ మీద రాతలు, కరెంటు స్తంభానికి కట్టిన రేకులు, కొబ్బరి చెట్టుకి కొట్టిన బాణం గుర్తులే దారి చూపిస్తాయి. వాటి మీద దూరాలు ఉదారంగా రాస్తారు.

ఇక్కడ దారి అడిగి తెలుసుకోవడమే పద్ధతి. లాకులు (కాలవ నీళ్లని ఆపే తలుపులు), రేవు, వంతెన, గేటు, సెంటరు అన్న గుర్తులతోనే చెబుతారు. టీ కొట్టు దగ్గర పెద్దాయన కనబడితే:

"బాబాయ్ గారూ, ఈ టైములో భోజనం ఎక్కడ దొరుకుతుందండీ?"

"ఆయ్, లాకులు దాటాక ఎడం చేతి పక్కనండి. ఎంతండి, రెండడుగులు."

ఆ రెండడుగులు కిలోమీటరున్నర ఉండొచ్చు. "కారు వెళ్తుందా అండీ? అక్కడ తిప్పుకోడానికి జాగా ఉందా?" అని రెండో ప్రశ్న తప్పకుండా అడగండి. కాలవ గట్టు రోడ్లు చాలాచోట్ల ఒక కారు వెడల్పే ఉంటాయి. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క పల్లంలో చేలు. ఎదురుగా ట్రాక్టరు వస్తే ఎవరో ఒకరు రివర్స్ చేయాలి, అది మీరే అవుతారు.

గట్టు రోడ్డు ఎక్కేముందు:

- పెద్ద కారయితే హోటల్ దాకా వెళ్లకుండా సెంటర్లో పెట్టి నడవగలరా చూడండి
- చీకటి పడ్డాక తెలియని గట్టు ఎక్కొద్దు
- వానలో గట్టు అంచుకి టైరు పోనివ్వొద్దు, మట్టి జారుతుంది
- రైల్వే గేటు అవతల హోటల్ అయితే గేటు పడి ఉండే టైము కూడా లెక్కేసుకోండి

అంబాజీపేట వైపు పనస ఆకు బుట్టల్లో ఉడికించే ఇడ్లీలు, అంటే పొట్టిక్కలు, తినాలనుకుంటే పొద్దున్నే వెళ్లాలి. పది దాటాక వెళ్లి బోర్డు చూసి మురిసిపోవడమే.

## 10. బోర్డు తప్పుగా ఉన్నా, తిండి బాగాలేకపోయినా

జాతీయ రహదారి మీద బోర్డు విరిగినా, కొమ్మలు కమ్మేసినా, లేని హోటల్‌ని చూపిస్తున్నా 1033కి ఫోన్ చేయండి. హైవేల హెల్ప్‌లైన్ అది, ప్రమాదాలకి కూడా అదే నంబరు. రోడ్డు నంబరు, దగ్గర్లోని మైలురాయి మీది అంకె, ఏ దిక్కున వెళ్తున్నారో చెబితే పని తేలిక. రాజ్‌మార్గ్ యాత్ర యాప్‌లో ఫోటో పెట్టి కూడా ఫిర్యాదు చేయొచ్చు. ఫోటో తీసేది కారు పూర్తిగా పక్కన ఆపాకే, అదీ డ్రైవర్ కాని మనిషి.

తిండి పాడైపోయినదైతే హోటల్ పేరు, ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, బిల్లు దగ్గర పెట్టుకుని ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫిర్యాదు పెట్టండి. బిల్లులో తేడాలు, ధరల గొడవలకి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. బిల్లు లేకపోతే ఈ రెండు చోట్లా మీ మాట నిలబడడం కష్టం. అందుకని చిన్న హోటల్ అయినా సరే, డబ్బులిచ్చేటప్పుడు "బిల్లు ఇవ్వండి" అని అడిగి తీసుకోండి. చేత్తో రాసిన చీటీ అయినా పర్లేదు, దాని మీద తేదీ వేయించుకోండి.